లక్ష్మీదేవి వెనక అట్ట

వరంగల్‌కు సముద్రం లేదు. సముద్రం చూడాలంటే మేం కాజీపేటలో రైలెక్కి సగం రోజు కూర్చోవాలి. అయినా నా దగ్గర ‘బీచ్ క్లీనింగ్ వాలంటీర్’ అని రాసి ఉన్న నీలం టీషర్టు ఒకటి ఉంది. దాని మీద రెండు కొబ్బరి చెట్లు, మూడు అలలు ఉన్నాయి.

దీనికి కారణం మా గార్డు. గూడ్సు బండ్ల గార్డుగా చేసి రిటైరయ్యాడు. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉంటాడు. ఎక్కడో సముద్రం ఒడ్డున జనం ప్లాస్టిక్ ఏరుతున్న వీడియో ఒకటి ఆయన ఫోన్లోకి వచ్చింది. దాన్ని మా కాలనీ గ్రూపులో నాలుగుసార్లు పెట్టాడు. ఎవరూ పలకకపోయేసరికి ఇంటింటికీ వచ్చాడు.

“బీచ్ లేకపోతె ఏమాయె, మనకు చెరువు లేదా? ఐతారం పొద్దుగాల ఆరింటికి. లేటయితె నేను ఊకోను” అన్నాడు.

టీషర్టుల దుకాణంలో బీచ్ బొమ్మ తయారుగా ఉందట. చెరువు అని మార్చాలంటే రెండు రోజులు ఆగాలన్నారట. ముప్పై ఏళ్లు లేటు బండ్లకు సంజాయిషీ రాసిన మనిషి, రెండు రోజులు ఆగలేకపోయాడు. కొబ్బరి చెట్ల సంగతి అడిగితే, “నీళ్లుంటె సాలు. ఉప్పగున్నయా సప్పగున్నయా ఎవడు నాకి సూస్తడు” అన్నాడు.

నేను వెంటనే వస్తానన్నాను. గార్డు సంబరపడ్డాడు. నా భార్య పోయి అప్పటికి ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో నేను పాల ప్యాకెట్టుకు తప్ప గేటు దాటడం ఆయన చూడలేదు. తన మాట మీద బయటికి వస్తున్నాననుకున్నాడు. నేను సరిచేయలేదు. నాకు చెరువు గట్టు మీద వేరే పని ఉంది.

ఆ పని ఏమిటో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. మా వంటింట్లో పొయ్యి పక్కన ఒక లక్ష్మీదేవి పటం ఉండేది. కాశిబుగ్గలోని ఒక బట్టల దుకాణం వాళ్ల క్యాలెండరును కత్తిరించి నా భార్య కట్టించిన పటం అది. కింద దుకాణం పేరు సగం మిగిలిపోయింది. ఆమె దానికి రోజూ బొట్టు పెట్టేది. అంతకంటే ముఖ్యంగా, కొత్త గ్యాస్ సిలిండరు పెట్టిన ప్రతిసారీ ఆ పటాన్ని తిప్పి, వెనక అట్ట మీద పెన్సిలుతో రాసేది. ఎప్పుడు పెట్టింది, ఎన్ని రోజులు వచ్చింది. దీనికి వేరే పుస్తకం ఎందుకు పెట్టుకోలేదని నేను అడగలేదు. పుస్తకమైతే నేను ఎక్కడో సర్దేస్తానని ఆమెకు తెలుసు.

ఆమె పోయిన పదకొండో రోజు మా అక్క, పటం మూలన అద్దం పగిలి ఉందని చూసింది. పగిలిన పటం ఇంట్లో ఉండకూడదు, చెరువు దగ్గర పెట్టి రా అంది. ఆ రోజుల్లో ఎవరు ఏం చెబితే అది చేసేవాణ్ణి. పాలు తాగమంటే తాగేవాణ్ణి, పడుకోమంటే పడుకునేవాణ్ణి. పటాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, బియ్యం సంచిలో పెట్టి, నైలాన్ తాడు కట్టి, స్కూటరు మీద తీసుకుపోయి గట్టు కింద పొదలో పెట్టి వచ్చాను.

మూడు వారాలకు అన్నం ఉడుకుతుండగా గ్యాస్ అయిపోయింది. కొత్త సిలిండరు పెట్టి, పెన్సిలు తీసుకుని, చెయ్యి గోడ మీదికి చాపాను. అక్కడ మేకు ఉంది.

వెంటనే చెరువుకు పోయాను. గట్టు పొడుగునా సంచులే. పాత దేవుళ్లను చెత్తబుట్టలో వేయడానికి ఎవరికీ మనసొప్పదు, నీళ్ల దగ్గర పెడితే తప్పు లేదనుకుంటారు. నా సంచి ఏ పొదలో పెట్టానో గుర్తు లేదు. రెండు సంచులు విప్పాను. ఇతరుల దేవుళ్లే. మూడోది విప్పుతుంటే బర్రెలు తోలుకొస్తున్న ఒకాయన ఆగి, “ఏం దేవులాడుతున్నవ్ సార్?” అన్నాడు. ఏం లేదని ఇంటికి వచ్చాను. మళ్లీ పోవడానికి మొహం చెల్లలేదు. ఇప్పుడు టీషర్టు వేసుకుని ఎన్ని సంచులైనా విప్పవచ్చు.

ఆ ఆదివారం పది మందిమి పోయాం. కార్తీక మాసం, చలి మొదలైంది. గార్డు మెడలో ఈల, రెండు చేతుల్లో పచ్చ జెండా, ఎర్ర జెండా. గట్టును సెక్షన్లు చేసి, సెక్షనుకు ఇద్దరిని వేశాడు. చెత్త ఎత్తడానికి ఒక ట్రాక్టరు వచ్చింది. పచ్చ జెండా చూపిస్తేనే కదలాలని ట్రాక్టరు డ్రైవరుకు చెప్పాడు. ముందు నుంచి మా భాయ్ చెయ్యెత్తాలి, వెనక నుంచి గార్డు జెండా ఊపాలి, అప్పుడు ట్రాక్టరు నలభై అడుగులు పోవాలి. మళ్లీ ఆగాలి. ట్రాక్టరు డ్రైవరు రెండుసార్లు చేసి, మూడోసారికి, “సార్, జర నడిచి పోతె అయిపోద్ది గదా” అన్నాడు. గార్డు ఎర్ర జెండా చూపించాడు.

భాయ్ అంటే గార్డుతో పాతికేళ్లు పనిచేసిన ఇంజను డ్రైవరు. కాజీపేటలోనే ఉంటాడు. నేను రైల్వే బుకింగ్ కౌంటరులో చేశాను కాబట్టి నన్ను ఇప్పటికీ బుకింగ్ సాబ్ అనే పిలుస్తాడు. నన్నూ భాయ్‌నూ ఒక సెక్షనులో వేశారు.

మొదటి అరగంటలోనే పని ఆగింది. గట్టు మీద కుంకుమ పూసిన నిమ్మకాయలు, ఎర్ర బట్టలో కట్టిన కొబ్బరికాయ కనిపించాయి. ఎవరో దిష్టి తీసి పడేసినవి. బీరు సీసాలు, సూదులు, చచ్చిన ఎలుక, అన్నీ ఎత్తినవాళ్లు నిమ్మకాయల దగ్గర ఆగిపోయారు. గార్డు కూడా వాటి చుట్టూ తిరిగి నడిచాడు.

“భాయ్, నువ్వు ఎత్తు. నీకు పట్టదు” అన్నాడు.

“నాకెందుకు పట్టదు? అది వచ్చి నా ఆధార్ కార్డు అడుగుతదా?”

“అడగదు గని...”

“సరే తియ్. బండి కింద బర్రె పడ్డనాడు గూడ నన్నే దిగుమన్నవ్.” భాయ్ నిమ్మకాయలన్నీ ఏరి సంచిలో వేశాడు. ఒకటి పిండి చూసి, “బాగనే ఉన్నది, షర్బత్‌కు పనికొచ్చేది” అన్నాడు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఎవరూ ఆయన చేతి నీళ్లు తాగలేదు.

సంచులు విప్పడం మొదలైంది. ఒక్కో సంచిలోంచి దేవుళ్లు బయటికి వస్తుంటే గార్డుకు కోపం పెరిగింది. తూము దగ్గరి సిమెంటు దిమ్మె ఎక్కి మాట్లాడాడు.

“సదువు రానోడు చేసిండంటె అనుకోవచ్చు. ఇవి సదువుకున్నోళ్లు ఏసినయి. ఇంట్ల ఉన్నన్ని దినాలు దండాలు పెట్టి, అద్దం పలగంగనె తెచ్చి ఈడ పారేస్తరా? అసోంటోడు నా ముంగట దొరకాలె.”

సరిగ్గా అప్పుడు భాయ్ పొదలోంచి ఒక బియ్యం సంచి లాగాడు. నైలాన్ తాడు. ముడి నాదే. ఆయన తాడు కోసి పటం బయటికి తీశాడు. తడవలేదు. మూలన పగులు, కింద సగం దుకాణం పేరు.

“ఇది నాది” అని చెప్పడానికి నోరు తెరిచాను. దిమ్మె మీద గార్డు ఇంకా, “బుద్ధి, గ్యానం ఉన్నోడు చేసే పనేనా?” అంటున్నాడు. నోరు మూసుకున్నాను.

పటాలు ముప్పైకి పైగా తేలాయి. ట్రాక్టరులో వేయడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడు గార్డు రైల్వే పద్ధతి బయటికి తీశాడు.

“దావాదారు లేని సామాను ఇది. వారం దినాలు అందరికి కనపడేటట్టు ఉంచాలె. ఎవలన్న వచ్చి గుర్తులు చెప్తె ఇచ్చెయ్యాలె. రాకపోతె వచ్చే ఐతారం గుంత తీసి మట్టి కప్పుదాం.”

తూము దిమ్మె మీద పటాలను ఎత్తు ప్రకారం వరుసగా నిలబెట్టాడు. మాది పెద్దది, మధ్యలో వచ్చింది. గార్డు భార్య తడి గుడ్డతో అన్నీ తుడిచింది. తుడిచాక ముఖాలు బోసిగా ఉన్నాయని, తన కొంగున ఉన్న కుంకుమ పొట్లం విప్పి అన్నిటికీ బొట్టు పెట్టింది. మేం చేసిన తప్పు అదే. ఆ పూట మాకు తెలియలేదు.

సోమవారం పొద్దున్నే స్కూటరు మీద పోయాను. ఎవరూ లేకుండా పటం తీసుకుని రావాలని నా ఆలోచన. అక్కడ అప్పటికే పూలమ్మే ఆవిడ ఒకామె గంప దించి, లక్ష్మీదేవి ముందు ఊదుబత్తి ముట్టిస్తోంది.

“రా అయ్యా, మొక్కు. కొత్తగ వెలిసింది” అంది.

నేను చేతులు జోడించాను. రోజూ పొద్దున చాయ్ పెట్టుకుంటూ పాతికేళ్లు చూసిన పటం అది. ఆమె నాకు బొట్టు పెట్టి, సగం అరటిపండు ఇచ్చింది. తిని ఇంటికి వచ్చాను.

బుధవారం పోతే ఆటో ఆయన ఒకడు కొబ్బరికాయ కొడుతున్నాడు.

“మస్తు పవరున్న తల్లి సార్. నిన్న నా ఫోన్ పోయింది. పొద్దున మొక్కిన, పగటీలి దొరికింది.”

“ఎక్కడ దొరికింది?”

“నా సీటు కిందనె” అన్నాడు. ఆ మాటలో ఆయనకు తేడా ఏమీ కనిపించలేదు.

శుక్రవారానికి దిమ్మె మీద రేకు వేశారు. ముందర నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, వరుసగా దీపాలు. పక్కన వెదురు బొంగుకు ఒక ఎర్ర జెండా కట్టి ఉంది. దగ్గరికి పోయి చూస్తే అది గార్డు మరిచిపోయిన రైల్వే జెండా.

రెండో ఆదివారం మేం పోయేసరికి గట్టు గుర్తు పట్టలేనట్టుంది. కొబ్బరి పీచు, పూల కవర్లు, ఊదుబత్తి డబ్బాలు, ప్రసాదం పెట్టిన కాగితం ప్లేట్లు. భాయ్ ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచి వచ్చాడు.

“గార్డ్ సాబ్, పోయిన ఐతారం కంటె డబుల్ ఉన్నది. మనం సాఫ్ జేసినమా, ఊరికి జాతర వెట్టినమా?”

గార్డు ఈల వేశాడు. పూలావిడ గంప పక్కన లేచి నిలబడింది.

“ఈల లోపటేస్కో అన్నా. గుళ్లె ఈల వేస్తరా?”

“ఇది గుడి గాదు. దావాదారు లేని సామాను.”

“అమ్మవారు సామానా? నీ నోట్ల మన్నువడ.”

“వాటిని తుడిసింది నా పెండ్లామే. అడుగు.”

గార్డు భార్య పక్కకు చూసింది. “తుడిసిన. బొట్టు గూడ పెట్టిన. ఇగ తీసి గుంతల వెయ్యమంటె నాతోని గాదు” అంది.

గార్డు ఒంటరివాడయ్యాడు. అంతలో ఆటో ఆయన ముందుకొచ్చి, నెమ్మదిగా, మా మేలు కోరి చెబుతున్నట్టు చెప్పాడు.

“సార్, మీరు ఫికర్ చెయ్యకుర్రి. ఇగ గాలికి పడకుంట రేపు మేస్త్రి వస్తాండు. నడిమిట్ల ఉన్న పెద్ద పటాన్ని తూము గోడకు పెట్టి సిమెంటుతోని బిగిస్తాండు. సుట్టు టైల్స్ గూడ.”

వాళ్లందరికీ కావాల్సింది పటం ముందు వైపు. నాకు కావాల్సింది వెనక వైపు. సిమెంటు పడితే ఆ వెనక వైపు ఇక ఉండదు. నాకు ఆమె చేతిరాత ఇంకెక్కడా లేదు. ఆమె ఉత్తరాలు రాసే మనిషి కాదు. కిరాణా జాబితా కూడా నోటితోనే చెప్పేది.

“ఆ పటం నాది” అన్నాను.

ఎవరూ వినలేదు. ఏడు నెలలుగా గట్టిగా మాట్లాడలేదు, గొంతు రాలేదు. గార్డు చేతిలోంచి ఈల తీసుకుని ఊదాను. అందరూ తిరిగారు.

“ఆ పటం నాది. ఇక్కడ పెట్టింది నేనే.”

గార్డు నా వైపు చూశాడు. దిమ్మె వైపు చూశాడు. పోయిన వారం దాని మీద నిలబడి ఏమేం అన్నాడో ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నట్టుంది.

“నువ్వా?” అన్నాడు.

“నేనే.”

“మరి నేను గన్ని మాటలు అంటాంటె...”

“విన్నాను.”

ఆయన కాసేపు తల గీక్కున్నాడు. “జెర ముందుగాలనే చెప్తె రెండు మాటలు తక్వనన్న అందునుగదనె” అన్నాడు.

“గట్ల ఎవలన్న నాదంటరు” అంది పూలావిడ. “మొన్న మొక్కి అరటిపండు తిన్నడు, అప్పుడు నాదనలె. రుజువేంది?”

ఆ మాటతో గార్డుకు ప్రాణం లేచొచ్చింది. మళ్లీ డ్యూటీలోకి వచ్చాడు. “పద్ధతి ప్రకారం పోదాం. దావాదారు గుర్తులు చెప్పాలె. పటం ముంగటికెల్లి అందరికి కనపడ్తాంది. వెనక ఏమున్నది?”

“గ్యాస్” అన్నాను.

“ఏంది?”

“వెనక గ్యాస్ లెక్క ఉంది. సిలిండరు ఎప్పుడు పెట్టింది, ఎన్ని రోజులు వచ్చింది. పెన్సిలుతో. మా ఆవిడ రాసింది.”

ఆటో ఆయన నవ్వాడు. “లక్ష్మీదేవి వెనక గ్యాసేంది సార్” అన్నాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. పూలావిడ నవ్వలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని, దిమ్మె దగ్గరికి పోయి, దండం పెట్టి, పటాన్ని తనే తీసి తిప్పింది. అట్ట నిండా పెన్సిలు రాత. ఆమెకు చదవడం రాదు. గార్డు అద్దాలు తెచ్చుకోలేదు. గార్డు భార్య అందుకుని పైకి చదివింది.

“దీపావళి ముందటి రోజు పెట్టిన. యాభై రెండు దినాలు.”

“చుట్టాలు వచ్చిన్రు. ముప్పై ఆరు.”

“ఆయన ఊర్లె లేడు. అరవై మూడు.” ఇక్కడ నా వైపు ఒకసారి చూసింది.

“అప్పాలు చేసిన. నలభై.”

అట్లా కిందిదాకా చదువుతూ పోయింది. మా పండుగలు, మా చుట్టాలు, ఆమెకు జ్వరం వచ్చిన వారం, అన్నీ సిలిండర్ల లెక్కన వచ్చాయి. నాకు తెలియనివి చాలా ఉన్నాయి. చివరి వరుస దగ్గర గార్డు భార్య ఆగింది. ఆ సిలిండరు అయిపోయిన వారమే నా భార్యను దవాఖానలో చేర్చాం.

“చదువు చెల్లె” అన్నాను.

“నలభై ఏడు దినాలే. ఈయన చాయ్.”

నేను చెరువు వైపు చూస్తూ నిలబడ్డాను. భాయ్ దగ్గరికి వచ్చాడు.

“బుకింగ్ సాబ్, దినానికి ఎన్ని తాగుతవ్?”

“ఆరు.”

“మరి ఆమె రాసిన దాంట్ల తప్పేమున్నది?” అన్నాడు. అది నిజమే. నాకు నవ్వొచ్చింది. నవ్వితే చాలాసేపు ఆగలేదు. గార్డు నా చేతిలోంచి తన ఈల మెల్లగా తీసుకున్నాడు.

పూలావిడ పటాన్ని కొంగుతో ఇంకోసారి తుడిచింది. “మా ఇంట్ల నేను లెక్కకు బొగ్గుతోని గోడకు గీతలు గీస్త. ఆమె రాసుకున్నది, తీస్కపో అయ్యా” అంది.

“మరి నా ఫోన్ దొరికిచ్చిన తల్లి?” అన్నాడు ఆటో ఆయన. పూలావిడ పటాన్ని నా చేతుల్లో పెట్టింది. చివరికి ఆయనే, “అయితె నా ఆటోల నేనే దింపి వస్త. స్కూటరు మీద ఏంది, తల్లిని గట్ల ఎట్ల తీస్కపోతరు” అన్నాడు.

మధ్యలో పటం పోయాక మిగిలిన దిమ్మె మీద జనానికి మోజు తగ్గింది. గార్డు భార్య పసుపు నీళ్లు చల్లి, మిగతా పటాలను తీయడానికి ఒప్పుకుంది. కాగితాలు గుంతలోకి, అద్దాలు ఒక సంచిలోకి, చెక్కలు ఇంకో సంచిలోకి పోయాయి. ఆటో వెనక సీటు మొత్తం లక్ష్మీదేవికి ఇచ్చారు. నేను, భాయ్ డ్రైవరుకు చెరో పక్క ఇరుక్కుని కూర్చున్నాం. మా ఇద్దరి ఒంటి మీదా కలిపి నాలుగు కొబ్బరి చెట్లు. గార్డు వెనక నిలబడి పచ్చ జెండా ఊపాడు. ఆటో ఆయన అప్పటిదాకా ఆగాడు. ఎందుకు ఆగాడో ఆయనకూ తెలియదనుకుంటాను.

పటాన్ని పాత మేకుకే తగిలించాను. అప్పుడు పొయ్యికి తగిలించి ఉన్న సిలిండరు ఎప్పుడు పెట్టానో గుర్తు తెచ్చుకుని, ఆమె చివరి వరుస కింద రాశాను. ఒక్కణ్ణే కాబట్టి తొంభై రోజులైనా రావాలని అంచనా వేశాను.

ఆ శుక్రవారం పొద్దున ఆరింటికి గంట మోగింది. గుమ్మంలో పూలావిడ, గంప, ఊదుబత్తి. ఆమె వెనక ఆటో ఆయన.

“తల్లి ఇప్పుడు ఈడ ఉన్నది గదా” అంది. చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి పోయింది. మొక్కాక వాళ్లు వెంటనే వెళ్లలేదు. ఊరికే పంపడం బాగుండదని పొయ్యి వెలిగించాను. గిన్నెలో నీళ్లు పెడుతుండగా గార్డు వచ్చాడు, ఊదుబత్తి వాసన వచ్చిందన్నాడు. ఆయన వెనక ఆయన భార్య, గార్డు ఫోన్ చేస్తే కాసేపటికి భాయ్. భాయ్ పటానికి మొక్కడు. స్టవ్ పక్కన స్టూలు మీద కూర్చుని, “చక్కెర జర తక్కువేయి” అంటాడు. ఆ తర్వాతి శుక్రవారం కూడా వచ్చారు. ఆ పై శుక్రవారం ఆటో ఆయన, కొత్త ఫోన్ కొన్న తన బావమరిదిని కూడా తెచ్చాడు. తర్వాత శుక్రవారం దాకా ఆగడం మానేశారు.

మొన్న అన్నం ఉడుకుతుండగా గ్యాస్ అయిపోయింది. కొత్తది పెట్టి, పటం తిప్పి, లెక్కపెట్టి రాశాను. నలభై ఒక్క దినాలే. వీళ్ల చాయ్.